పరీక్షాశాలకు కావలి

పరీక్షలను గూర్చి మన దేశమున జరుగు చర్చలకు కొదువ లేదు. ప్రశ్నపత్రము కఠినమని కొందఱును, దిద్దినవారు దయమాలినవారని కొందఱును, ఆ దయయే మితిమీఱినదని మఱికొందఱును ఏటేట వేసవిలో వాదించుచునే యుందురు. వ్రాయువానిని గూర్చియు, ప్రశ్న కూర్చువానిని గూర్చియు, దిద్దువానిని గూర్చియు ఇన్ని మాటలు పుట్టుచుండగా, ఆ మూడు గంటలును గదిలో నిలుచుండి, అక్కఱకు మించి ఒక్కమాటయు పలుకక వెడలిపోవు నాలుగవవానిని గూర్చి ఆలోచించువారు అరుదు. సర్కారు కాగితములలో అతడు పర్యవేక్షకుడు. జనుల నోట ఇన్విజిలేటరు. ఉపాధ్యాయులమైన మేము మాత్రము 'డ్యూటీ' యని ఒక్కమాటతో సరిపుచ్చుకొందుము. లాటిను భాషలో ఆ పదమునకు మూలమైన ధాతువు మేలుకొని కాచుటను తెలుపును. ఈ కావలివాడు ఎప్పుడు, ఎందులకు పుట్టెనో, అతని కావలి వలన ఎవరికి మేలో, విచారించుట ఈ వ్యాసమున మా యుద్దేశము.

మన పూర్వుల పరీక్షలలో ఇతడు కానరాడు. క్రీస్తుశకము 10వ శతాబ్ది ప్రాంతమున రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో ఉజ్జయినియందు కావ్యకర్తలకును, పాటలీపుత్రమునందు శాస్త్రకర్తలకును పరీక్షలు జరిగెడివని చెప్పినాడు. 7వ శతాబ్దిలో వచ్చిన చీనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగు నలందా విద్యాపీఠమును వర్ణించుచు, దూరదేశముల నుండి వాదమునకై వచ్చినవారిని ద్వారమునందే ప్రశ్నించుచుండిరనియు, పెక్కుమంది సమాధానము చెప్పలేక మరలిపోవుచుండిరనియు వ్రాసెను. మిథిలలో శలాకాపరీక్ష యని యొక యాచార ముండెడిది. తాళపత్రగ్రంథమున సూదిని గ్రుచ్చి, అది దిగినంతలో కడపటి యాకునందలి విషయమును విద్యార్థిచే వ్యాఖ్యానింప జేసెడివారు. మన తెలుగువారికి మిక్కిలి ప్రియమైన యవధానమును చూడుడు: పృచ్ఛకులు చుట్టును కూర్చుండి ఒకనిని అన్నివైపులనుండి పరీక్షించుటయే గదా! అచ్చట చీటీ దాచుకొనుటకు చోటు లేదు. జవాబు నోటనుండి రావలయును, సభయంతయు చూచుచుండును. వేయి కన్నులున్నచోట కావలికన్ను వేఱుగా నక్కఱలేదు.

అయినను ఆ సభలను తలచి మనము మురిసిపోవుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనవలెను. ఆ సభలలో ఎవరు అడుగిడగలిగిరి? ద్వారమునొద్ద జరిగినది విద్యాపరీక్ష యొక్కటియే కాదు. కులమును, గోత్రమును, గురువు పేరును, పురుషజన్మమును అచ్చట ముందుగానే లెక్కకు వచ్చెడివి. పరీక్షకుడు పరీక్షితుని మొగము చూచుచునే తీర్పు చెప్పెడివాడు. మొగము చూచి చెప్పిన తీర్పులో మొగమోటమికిని చోటుండును, ద్వేషమునకును చోటుండును. కావలివాడు లేకపోవుట ఆ పద్ధతి గొప్పతనమునకు గుర్తే గాని, దాని యిరుకుతనమునకు సైతము గుర్తే.

వ్రాతపరీక్షను రాజ్యవ్యవహారముగా నడపిన ఘనత చీనావారిది. 7వ శతాబ్ది మొదలు 1905వ సంవత్సరమున రద్దగు వఱకు సుమారు పదమూడు వందల యేండ్లు ఆ దేశమున ఉద్యోగములకు పరీక్షలు జరిగినవి. నాంకింగు నగరములోని పరీక్షాప్రాంగణమున ఇరువది వేలకు పైబడిన చిన్నచిన్న గదు లుండెడివి. అభ్యర్థి తన యన్నపానములతో అందు ప్రవేశించి, దినముల తరబడి అందే వ్రాసి, అందే నిద్రించెడివాడు. ద్వారమున వానిని సోదా చేసెడివారు. లోపల భటులు కాచెడివారు. సన్నని యక్షరములతో గ్రంథములకు గ్రంథములే వ్రాసికొన్న లోచొక్కాలు నేటికిని ప్రదర్శనశాలలలో నున్నవనిన, నేటి మన బాలుర చీటీలు క్రొత్తవి కావని తెలియుచున్నది. కాని చీనావారు కనిపెట్టిన వానిలో మాకు మిక్కిలి యమూల్యముగా తోచినది సోదా కాదు. 11వ శతాబ్ది నాటికే వారు పత్రముపై అభ్యర్థి పేరును కప్పివేయుచుండిరి. అంతటితో తనియక, దస్తూరిని బట్టి పోల్చుకొందురేమోయని, వేఱు లేఖకులచే పత్రమునంతయు తిరుగ వ్రాయించి, ఆ ప్రతిని మాత్రమే దిద్దువారికి అందించుచుండిరి. దిద్దువాడు మనిషిని మఱచి వ్రాతను మాత్రమే చూడవలెనన్న న్యాయము అక్కడ స్థిరపడినది. అయితే దిద్దువాని కన్ను కప్పినపిమ్మట, ఆ వ్రాత ఆ మనిషిదే యని సాక్ష్యము చెప్పువా డొకడు కావలెను గదా. కావలివాని పని యంతయు ఆ సాక్ష్యమే.

ఇంగ్లండులో ఈ సాక్షి ఆవశ్యకత 19వ శతాబ్దిలో స్పష్టమైనది. 1858 డిసెంబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము వివిధ పట్టణములలోని పాఠశాలల బాలురకు మొదటి స్థానిక పరీక్షలు జరపినపుడు, వ్రాసినవారు 370 మంది. అధికారులు ప్రశ్నపత్రములను తాళము వేసిన పెట్టెలలో నుంచుకొని రైలుబండ్లలో ఆయా యూళ్లకు పోయిరి. ప్రశ్న యొకచోట పుట్టి, జవాబు వేఱొకచోట వ్రాయబడి, తీర్పు మఱల మొదటిచోట చెప్పబడుట కారణముగా, నడుమ నమ్మకమును మోసికొనిపోవువాడు కావలసివచ్చెను. తాళపు పెట్టెయు, పర్యవేక్షకుడును కవలపిల్లలవలె కలిసి పుట్టిరనవచ్చును.

మన దేశమునకు ఈ రెండును ఒక్కసారియే దిగుమతి యయినవి. 1854 నాటి వుడ్డుదొర విద్యాశాసనపత్రము ననుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు ఏర్పడినవి. వానికి మాదిరి ఆనాటి లండను విశ్వవిద్యాలయము. అది పాఠము చెప్పునది కాదు. పరీక్షించి పట్టము లిచ్చునది మాత్రమే. ఆ విధముగా బోధించువాడొకడు, పరీక్షించువాడొకడు అను విభాగము మన విద్యకు పునాదిలోనే పడినది. గురువే పరీక్షించి 'వీడు నేర్చినా'డని చెప్పిన చాలునన్న కాలము గడచి, ఎన్నడును చూడని యొకడు దూరమున కూర్చుండి చెప్పిన మాటయే ఉద్యోగమునకును గౌరవమునకును తాళపుచెవి యయినది.

దీనికి తోడు చెన్నరాజధానిలో మఱియొక యేర్పాటు జరిగెను. 19వ శతాబ్ది యుత్తరార్ధమున పాఠశాలల కిచ్చు ప్రభుత్వద్రవ్యసహాయమును పిల్లల పరీక్షాఫలితములతో ముడిపెట్టిరి. పిల్లవాడు నెగ్గిన బడికి ధనము; తప్పిన లేదు. ఉపాధ్యాయుని కుండలోని గింజలు పిల్లవాని పలకమీది లెక్కపై నాధారపడినవి. తన యన్నము తన శిష్యుని జవాబులో నున్నపుడు, ఆ జవాబునకు తానే కావలి కాయుట యెంతటి సత్యసంధునికైనను కత్తిమీది సామే. 1902 నాటి భారత విశ్వవిద్యాలయసంఘము, మన దేశమున బోధన పరీక్షకు దాస్యము చేయుచున్నదే గాని పరీక్ష బోధనకు లోబడియుండలేదని చింతించెను. ఆ దాస్యము నుండి పుట్టిన నియమమే, పరీక్షాగదిలో నిలుచువాడు ఆ పిల్లలకు పరాయివాడై యుండవలెననునది. తన పాఠశాలలో కావలి కాయరాదు. తాను బోధించు విషయమున కాయరాదు. ఉపాధ్యాయుడు ఏడాదిలో కొన్నిదినములు ఊరు మాఱి, పేరు లేనివాడై, పరాయి పిల్లల నడుమ నిలుచుట యిట్లు మొదలయినది.

మా ప్రాంతపు చరిత్రలో ఈ పరాయితనము మఱింత విచిత్రముగా కనబడును. మదనపల్లె 1911 వఱకు కడప మండలములోనిది. పుంగనూరు, కుప్పము ఉత్తరార్కాటు మండలమునకు చెంది, మొదటిది పుంగనూరు జమీను క్రిందను, రెండవది కంగుంది జమీను క్రిందను ఉండినవి. 1911 ఏప్రిలులో చిత్తూరు మండలము పుట్టి మూటిని ఒక్కటి చేసినది. 2022లో జిల్లాలను విభజించినపుడు మదనపల్లె మఱల విడివడి అన్నమయ్య జిల్లాలో చేరినది. పరీక్షల ముద్రకట్టలు మొదట మద్రాసు పేరిట వచ్చినవి. 1953లో ఆంధ్రరాష్ట్రమును, 1956లో ఆంధ్రప్రదేశమును ఏర్పడగా హైదరాబాదు పేరిట వచ్చినవి. 2014 విభజన పిమ్మట ఆ పేరును మాఱినది. రాజధానులు మాఱినను, కట్ట విప్పునపుడు ముద్ర చెడలేదని సాక్షుల సంతకములు తీసికొను పద్ధతి మాత్రము మాఱలేదు.

ఈ మూడూళ్లలోను మేము కావలి కాచియున్నాము. ఆ పని యెట్టిదో గృహస్థులైన పాఠకులకు కొంత చెప్పుట యవసరము. ఉదయమే కేంద్రమునకు చేరవలెను; చేతిఫోను బయట నప్పగింపవలెను; ఏ గదియో అప్పటికి గాని తెలియదు. ప్రవేశపత్రముపై బొమ్మను, ఎదుటి మొగమును సరిచూడవలెను. కుప్పమున మూడు రాష్ట్రముల సరిహద్దులు కలియుటచే తెలుగు, తమిళము, కన్నడము మాటలాడు కుటుంబములు ఇరుగుపొరుగుగా నుండును. మదనపల్లెలో ఉర్దూ బడులున్నవి. కావున ఏ బిడ్డకు ఏ భాషాపత్ర మందవలెనో చూచుట చిన్నపని కాదు. పత్రము తాఱుమాఱైనచో పదినిమిషములు పోవును. కలతపడిన బిడ్డకు పోవునది గంట. అదనపు కాగితముల నిచ్చి సంఖ్య వ్రాసికొనవలెను. రానివారి పట్టికను నింపవలెను. చూపులేని బాలునకు వ్రాసిపెట్టువానిని, అదనపు కాలమును నిబంధన ప్రకార మమర్చిరో లేదో గమనింపవలెను. కూర్చుండరాదు, చదువరాదు, నిద్రింపరాదు. ఇంత చేసినందులకు దొరకు భత్యము, దూరపు పల్లెనుండి వచ్చినవానికి బస్సుచార్జీలు పోను కాఫీఫలహారములకు సరిపోయిన గొప్ప.

ఈ పని ఇప్పుడు బడిపంతుళ్లకే పరిమితము కాలేదు. ఇంగ్లండులో 2003 నాటి యొడంబడిక ననుసరించి 2005 సెప్టెంబరు నుండి ఉపాధ్యాయులను ఈ విధినుండి తప్పించిరి. అక్కడ పింఛనుదారులు మొదలగువారు గంటలలెక్కను జీతము తీసికొని పరీక్షాశాలలలో నిలుచుచున్నారు. మన దేశమున కంప్యూటరు పరీక్షలు పెరిగినపిమ్మట, పట్టము చేతబట్టుకొని పని దొరకని యువతీయువకులు దినకూలికి ఈ కావలి కాయుచున్నారు. నిన్న తాను వ్రాసి తప్పిన పరీక్షకు నేడు తానే కావలివాడై నిలుచు యువకుని మన మెఱుగుదుము. రేపు పని యుండునో లేదో తెలియనివానికి, నేడు ధైర్యముగా 'కాద'నుట ఎంత కష్టమో యోచింపుడు. ఒత్తిడి చేయువాడు వెయ్యి చూపును. నియమించినవారు అతనికిచ్చునది అందులో ఏ పాలో! నీతిని బోధించుటకు ముందు, ఆ నీతి నిలుచుటకు తగిన జీతమును కల్పించుట సమాజధర్మము.

మన తెలుగులో 'చూచుట' యను నొక్క క్రియ చుట్టును ఈ వ్యవహారమంతయు తిరుగుచున్నది. పిల్లవాడు చేయు తప్పు చూచివ్రాత. పర్యవేక్షకుడు చేయు తప్పు చూచీచూడనట్లుండుట. ఒకసారి కుప్పమున ద్వారమునొద్ద ఒక తల్లి మమ్ము నిలిపి, "సారూ, మా పాపను రవంత చూసుకోండి" అనెను. ఆమె కూలిపనికి పోవుచు నడుమ వచ్చినదని ఆమె చీరకొంగునంటిన మట్టి చెప్పుచుండెను. ఆమె యే యర్థమున అనెనో మేము విచారింపలేదు. కాని చూచుకొనుట యనగా నేమి? ప్రక్కవాని కాగితమును చూడనిచ్చుటయా? లేక ఆ పాప తనంతట తాను వ్రాసినదానిని, పైసలిచ్చి జవాబులు తెప్పించుకొన్నవాని వ్రాతతో సమానము గాకుండ కాపాడుటయా? చూచివ్రాతకు ధనవంతుని బిడ్డకే సాధనము లెక్కువ. గోడవెనుక నిలుచు మనుష్యులు వానికున్నారు. ముందుగా పలుకరించిపోవు పెద్దమనుష్యులు వానికున్నారు. కూలివాని బిడ్డకున్నది తాను రాత్రి మేలుకొని చదివిన చదువొక్కటే. కావలి సడలినపుడు మొదట దోపుడుపోవునది ఆ బిడ్డ సొత్తు.

ఇచ్చట సంఘసంస్కారమును కోరువారు గమనింపవలసిన విషయమొకటి కలదు. వ్రాతపరీక్షలో పేరు పోయి సంఖ్య వచ్చినది. ఆ సంఖ్యకు కులము లేదు, మతము లేదు, ఆడుదన్న మాట లేదు. పంచముడని సభాద్వారమున నాపబడినవాని మనుమడు వ్రాసిన జవాబును, ఆపినవాని మనుమడు వ్రాసిన జవాబును ఒక్క కట్టలో చేరి, ఎవరిదేదో యెఱుగని యొకనిచే దిద్దబడుచున్నవి. స్త్రీలకును తలుపు తెఱచుటలో పరీక్షాశాలయే ముందంజ వేసినది. కేంబ్రిడ్జివారు 1865లోనే బాలికలను స్థానిక పరీక్షలకు రానిచ్చిరి. పూర్ణమైన పట్టములను స్త్రీలకిచ్చుటకు వారికి 1948 వఱకు పట్టినది. మన దేశమున కాదంబినీ బోసు 1878లో కలకత్తా ప్రవేశపరీక్షలో నెగ్గి, 1883లో చంద్రముఖీ బోసుతో పాటు పట్టభద్రురాలయినది. స్త్రీకి చదువు రాదన్న వాదమునకు ఉపన్యాసములు వందయు చెప్పలేని సమాధానమును ఒక్క జవాబుపత్రము చెప్పినది. ఆ పత్రము ఆమె స్వయముగా వ్రాసినదే యని లోకము నమ్మినప్పుడే గదా ఆ సమాధానమునకు బలము! కావలి లేని పరీక్షలో నెగ్గిన బడుగుబిడ్డను, 'చూచి వ్రాసినా'డని హేళన చేయుట లోకమునకు సులభము.

పరీక్షయే యొక పీడ గదా, పీడకు కావలి యేల యని కొంద ఱాక్షేపింతురు. ఈ యాక్షేపమును త్రోసివేయుటకు మదనపల్లెవారికి ముఖ్యముగా వీలులేదు. 1895లో ఆ యూర పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి లండను ప్రవేశపరీక్షలో ఒకటికి రెండుసార్లు తప్పినవాడు. పిమ్మట పిల్లలను పోల్చి తూచుట హింసయని జీవితకాలమును బోధించినవాడు. 1915లో అనిబిసెంటు స్థాపించిన మదనపల్లె కళాశాలకు 1919లో వచ్చి, జనగణమన గీతమును ఆంగ్లమున తానే అనువదించిన రవీంద్రుడు బడిగోడలను భరింపలేక బాల్యముననే వెలుపలికి నడచినవాడు. ఆ యూరికి సమీపముననున్న ఋషివ్యాలీ సంస్థ పల్లెబడులలో, ప్రతి బిడ్డయు తన నడకకు తగినట్లు మెట్టుమెట్టుగా నేర్చుకొను పద్ధతి రూపుదాల్చి, కర్ణాటకమునకును తమిళనాడునకును ప్రాకినది. 1952-53 నాటి మాధ్యమిక విద్యాసంఘము, లక్ష్మణస్వామి మొదలియారు గారి యాధ్వర్యమున, ఒక్క తుదిపరీక్షపై సర్వమును మోపుట తప్పని చెప్పినది. ఇవన్నియు సత్యములే. కాని ఋషివ్యాలీ విద్యార్థి సైతము బడి విడుచునపుడు బయటివారి పరీక్షకు కూర్చుండియే తీరుచున్నాడు. తలుపు తెఱచునది ధ్రువపత్ర మొక్కటియే యయి యున్నంతకాలము, ఆ పత్రము నిజమై యుండవలెను. పరీక్షను సంస్కరింపుడు, తగ్గింపుడు, వీలైన మాన్పుడు; మేము సంతోషింతుము. ఉన్నంతవఱకు దానిని దొంగపరీక్షగా నుండనిచ్చుట సంస్కారము కానేరదు.

చట్టములకు లోపము లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997లోనే పరీక్షలలోని అక్రమములను వారించు చట్టము చేసిరి. కేంద్రప్రభుత్వపు నియామకములకును ప్రవేశములకును జరుగు పరీక్షల కొఱకు మఱియొక చట్టము 2024 జూను 21వ తేదిని అమలులోనికి వచ్చినది. అయినను 2022 వేసవిలో మన రాష్ట్రపు పదవతరగతి ప్రశ్నపత్రముల ఛాయాచిత్రములు, పరీక్ష యారంభమైన పిమ్మట, వాట్సాపులో సంచరించుటయు, ఉపాధ్యాయులు సైతము నిర్బంధింపబడుటయు మనము చూచితిమి. చీనాచక్రవర్తులు చట్టముతో మరణదండనమును విధించియు లోచొక్కాలను మాన్పలేకపోయిరి. శిక్షాభయము కంటె ముందు, తప్పు చేయుటకు తొందరపెట్టు కారణములను తొలగింపవలయును.

మాకు తోచిన మార్గములు మూడు. మొదటిది, నెగ్గినవారి శాతమును బట్టి ఉపాధ్యాయుని పొగడుటయు, సంజాయిషీ అడుగుటయు మానవలెను. పూర్వపు ఫలితద్రవ్యమే నేడు శాతముల రూపమున మరల వచ్చినది. రెండవది, పర్యవేక్షణకు వచ్చువారు బడిపంతుళ్లైనను, దినకూలి పట్టభద్రులైనను, వారికి ముందొకదినము శిక్షణ నిచ్చి, తగిన వేతనమును ఆలస్యము లేక చెల్లించి, ఒత్తిడి వచ్చినపుడు వారి వెనుక అధికారులు నిలువవలెను. ఒంటరివాని నిజాయితీపై ఒక వ్యవస్థ నంతయు నిలుపుట ఆ యొంటరివానికి అన్యాయము. మూడవది గృహములలో జరుగవలసినది. తప్పినంత మాత్రమున బిడ్డ బ్రతుకు ముగియదని తలిదండ్రులు నమ్మి, ఆ నమ్మకమును బిడ్డకు మాటలలో చెప్పవలెను. ఏటేట ఫలితముల దినమున మన పత్రికలలో వచ్చు దుర్వార్తలను చదివినవారికి దీని యవసరమును వేఱుగా చెప్పనక్కఱలేదు. తప్పిన కృష్ణమూర్తులును బ్రదికిరి.

పుంగనూరు సంతలో పశువులను కొనువారు పొట్టియావును, పెద్దయావును ఒక్క కొలతతో కొలువరు. పిల్లల విషయమున మన మంతపాటి వివేకము నైనను నేర్చుకొని, మంచి కొలతను నిర్మించుకొనవలెను. అట్టి కొలత కలిగిన దినమున గదిలో నిలుచు కావలివాని యక్కఱ తగ్గునేమో. అందాక అతని మేలుకోలు నిరుపేద చదువరికి మిగిలియున్న కొలది రక్షణలలో నొకటి. అతనిని అనుమానించుట, బెదిరించుట, కొనజూచుట మాని, నిమ్మళముగా తన పని తనను చేసికొననిత్తుము గాక.